నాటు విత్తనమే వేయాలా? సొరకాయ చేదొచ్చాక అడుగుతున్నా

మిద్దెమీద_మల్లి (నిజాంపేట, హైదరాబాద్)

నమస్తే అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది అపార్ట్‌మెంటులో పై అంతస్తు, అందరినీ బతిమాలి మిద్దె మీద ఒక మూల సంపాదించా. పద్దెనిమిది గ్రోబ్యాగులు, పాత నీళ్ళ డ్రమ్ము కోసి చేసిన రెండు టబ్బులు, అంతే. మొదటి ఏడాది నర్సరీ నారుతో లాగించేశా, ఈసారి అన్నీ గింజ నుంచే, అదీ నాటు గింజే అని పంతం పట్టా. ఇక్కడ మీ అందరి పోస్టులూ చదివిన ప్రభావమే.

ఆగస్టు చివర్లో టబ్బులో సొర గింజ పెట్టా, తీగ భలే పాకింది, నవంబర్‌లో మొదటి కాయ. మా అత్తయ్య సంబరంగా పాలు పోసి కూర వండారు. ఆవిడే మొదట తిన్నారు, రెండు ముద్దలు తిని "ఏంటే, ఇందులో కాకరకాయ గానీ కలిపావా" అన్నారు. అన్నం పారేయడం ఇష్టం లేక ఇంకో రెండు ముద్దలు తినేశారు. అరగంటలో వాంతులు మొదలయ్యాయి, తర్వాత విరేచనాలు, రాత్రి పదింటికి బీపీ పడిపోతే ఆసుపత్రికి పరిగెత్తాం, సెలైన్ పెట్టి మర్నాడు సాయంత్రం పంపించారు. ఇప్పుడు బానే ఉన్నారు.

కానీ ఇంట్లో నా తోట మీద నమ్మకం పోయింది. మా ఆయన "ప్యాకెట్ విత్తనం కొనుక్కో లేదా మార్కెట్‌కెళ్ళు" అంటున్నారు. నేనడిగేది ఒకటే. ఇంత చిన్న తోటకి నాటు విత్తనమే వేయాలని మీరంతా ఎందుకంటారు? హైబ్రిడ్ వేస్తే తప్పేంటి?

అనంతపురం_అల్లుడు

పక్కన కాకర పెట్టారా? పెట్టుంటే అదే కారణం, పుప్పొడి కలిసి చేదొస్తుంది. మా ఊర్లో అందరికీ తెలుసు.

గోదారిగట్టు (రాజమండ్రి)

అమ్మా మల్లీ, ముందు మీ అత్తగారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. ఇక అసలు విషయానికొస్తాను. సొర చేదెక్కడం అన్నది నీళ్ళ ఎద్దడి వల్ల, వేడి వల్ల జరుగుతుంది, మిద్దె మీద కాంక్రీటు ఎంత కాలుతుందో మీకు చెప్పక్కర్లేదు. దానికి నాటు విత్తనాన్ని నిందించడం న్యాయం కాదండి. నేను ముప్పై రెండేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, పెరట్లో ఐదు సెంట్ల స్థలంలో ఇరవై ఏళ్ళుగా కూరగాయలు పండిస్తున్నాను, ఒక్క ప్యాకెట్ కొనలేదు. మా అమ్మ గుమ్మడి గింజల్ని పచ్చి పేడలో అద్ది గోడకి కొట్టేది, ఎండాక అవి వానాకాలం వరకూ పురుగు పట్టకుండా ఉండేవి. బీరకాయ ముదిరినది ఒకటి దూలానికి వేలాడేది, ఊపితే గలగలమనేది, విత్తే రోజునే కిందికి దించేవాళ్ళం. ఏ కంపెనీ కావాల్సొచ్చిందండీ అప్పుడు?

హైబ్రిడ్ గింజ అంటే ఏమిటో తెలుసా? ఈ ఏడాది కాయిస్తుంది, దాని గింజ దాచి వేస్తే మొలవదు. అలా తయారు చేస్తారు. మళ్ళీ మనం కొట్టుకే పోవాలి. పైగా జీన్లు మార్చిన తిండి. పిల్లలకి పెడతారో లేదో మీ ఇష్టం.

రెండోపంట (కరీంనగర్)

మల్లి గారూ, ఆ తీగకి ఇంకా కాయలుంటే దయచేసి ఎవరికీ ఇవ్వకండి, జంతువులకి కూడా వేయొద్దు. చేదు సొరలో ఉండేది కుకర్బిటసిన్ అనే విషం, ఉడికిస్తే పోదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయారు, పేపర్లలో పెద్దగా వచ్చింది. సొర, బీర, దోస ఏదైనా కోసిన వెంటనే తొడిమ దగ్గర చిన్న ముక్క నాలుకకి తగిలించి చూసి, చేదుంటే ఉమ్మేసి కాయ పారేయాలి. సొర రసం తాగే అలవాటున్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే మరీ జాగ్రత్త.

అల్లుడు గారూ, కాకరకీ సొరకీ సంకరం జరగదు, రెండూ వేరే జాతులు. ఇంకో మాట, ఈ ఏడాది పువ్వు మీద ఏ పుప్పొడి పడినా ఈ ఏడాది కాయ కండ రుచి మారదు. ఆ కాయలో గింజ మారుతుంది, దాన్ని వచ్చే ఏడాది వేస్తే ఆ తీగ కాయల్లో బయటపడుతుంది. అంటే మల్లి గారి చేదు మల్లి గారి మిద్దె మీద పుట్టింది కాకపోవచ్చు, గింజలోనే వచ్చుండొచ్చు.

మాష్టారూ, మీ మాటలో రెండు తప్పులున్నాయి. హైబ్రిడ్ అంటే రెండు రకాల్ని సంకరం చేసి తీసిన గింజ, జీఎం అంటే ల్యాబులో జీన్లు మార్చింది, రెండూ వేరు. మన దేశంలో అమ్మకానికి అనుమతి ఉన్న జీఎం పంట బీటీ పత్తి ఒక్కటే, 2002 నుంచి. బీటీ వంగని 2010 ఫిబ్రవరిలో ఆపేశారు, అంతకు ముందు హైదరాబాద్‌లో కూడా బహిరంగ విచారణ జరిగింది. కొట్లో దొరికే హైబ్రిడ్ టమాటా జీఎం కాదు. రెండోది, హైబ్రిడ్ గింజ దాచి వేస్తే శుభ్రంగా మొలుస్తుంది. కాకపోతే పది మొక్కలు పది రకాలుగా వస్తాయి, ఒకటి అమ్మ పోలిక, ఒకటి నాన్న పోలిక, ఒకటి ఎవరి పోలికా కాదు.

మల్లి గారూ, మీరు ఎన్ని కాయలు కోశారు? అన్నీ చేదేనా, ఒకటేనా? అది చెప్తే కారణం చెప్పొచ్చు.

వైజాగ్_వంటిల్లు

నా బాధ వేరే, ఫిబ్రవరిలో నాటు చిక్కుడు పెట్టా, పందిరంతా ఆకులే, ఒక్క పువ్వు లేదు, అక్టోబర్ దాకా. గింజ మంచిది కాదని తిట్టుకుంటూ పీకేశా.

రెండోపంట

అయ్యో, ఇంకో నెల ఆగాల్సింది. నాటు చిక్కుడు పగలు తగ్గితే గానీ పూయదు. ఎప్పుడు పెట్టినా కార్తీకం తర్వాతే కాపు. జూలైలో పెట్టుకోండి, ఎనిమిది నెలలు నీళ్ళు పోసే బాధ తప్పుతుంది.

గోదారిగట్టు

> హైబ్రిడ్ గింజ దాచి వేస్తే శుభ్రంగా మొలుస్తుంది

ఈ మాట నేను ఒప్పుకోనండి. 2016లో మా తమ్ముడు బజారు టమాటాల గింజ తీసి వేశాడు, ఇరవై గింజలకి రెండు మొలిచాయి. కళ్ళారా చూశాను. మీరు పుస్తకం చెప్తున్నారు, నేను పెరడు చెప్తున్నాను.

రెండోపంట

మాష్టారూ, ఇరవైకి రెండు మొలిచాయంటే మొలిచినట్టే కదండీ. మిగతావి ఎందుకు రాలేదో, ఎలా ఆరబెట్టారో, జిగురు కడిగారో లేదో. టమాటా గింజ చుట్టూ ఉండే జిగురు మొలకని ఆపుతుంది, రెండ్రోజులు రసంలోనే పులియబెట్టి కడిగి నీడలో ఆరబెట్టాలి.

నేను పుస్తకం చెప్పట్లేదు. పదకొండేళ్ళు విత్తనోత్పత్తిలో పనిచేశా, అందులో నాలుగేళ్ళు కర్ణాటకలో రాణెబెన్నూరు పక్క ఊళ్ళలో. హైబ్రిడ్ టమాటా గింజ ఎలా తయారవుతుందో ఒక్కసారి చూస్తే అదేదో మంత్రం అనుకోరు. సాయంత్రం ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని రేపు విచ్చుకోబోయే మొగ్గ తీసుకుని, చిన్న చిమ్టాతో లోపలి పసుపు గొట్టం మొత్తం పీకేస్తారు, కీలాగ్రం ఒక్కటి మిగులుతుంది. పొద్దున్నే వేలికి ఉంగరం పెట్టుకుంటారు, రాయి ఉండాల్సిన చోట చిన్న గిన్నె, దాన్నిండా పుప్పొడి. కీలాగ్రాన్ని అందులో ముంచి వదిలేస్తారు, గుర్తుకి రెండు రక్షక పత్రాలు కత్తిరిస్తారు. అలా ఒక్కో మనిషి రోజుకి కొన్ని వందల పూలు. ప్యాకెట్ ఖరీదు అందుకే. ఎవరో ల్యాబులో కూర్చుని గింజని గొడ్డుని చేసింది కాదు.

గోదారిగట్టు

ఎన్ని ఉంగరాలు పెట్టుకున్నా కంపెనీ కంపెనీయే. నాకు ఒక్క మాట చెప్పండి, నాటు టమాటా రుచి మీ హైబ్రిడ్ టమాటాకి ఉందా లేదా? సూటిగా చెప్పండి.

రెండోపంట

లేదు. చారుకి నాటే బావుంటుంది, ఒప్పుకుంటా. కానీ నాటు టమాటా అంటున్నారు చూడండి, టమాటా దక్షిణ అమెరికాది. మిరప కూడా అమెరికా ఖండాలదే, పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు. మన పెద్దలు టమాటాని రామములగ అనీ, సీమ వంకాయ అనీ పిలిచేవాళ్ళు. మన నాటు అంటే వంగ, బీర, దోస లాంటివి.

గోదారిగట్టు

నాలుగు తరాలుగా మన మట్టిలో ఉంటే మనదే. కోడలు కూడా బయట నుంచే వస్తుంది.

అనంతపురం_అల్లుడు

అల్లుడు కూడా 😄

పాలమూరు_పోరడు

మీ ఉంగరాల కథ మంచిగనే ఉన్నది అన్నా గని నా కథ ఇనుర్రి. మా నాయిన 2011ల ఎకరంనర మిరప ఏసిండు, హైబ్రిడ్. దుకాణపాయన "బిల్లు రాస్తే ధర ఎక్కువైతది, నమ్మకం లేదా" అన్నడు, మా నాయినకు నమ్మకమే రోగం. నారు పోసినం, మంచిగనే మొలిసింది, నాటినంక చెట్లు నడుం దాంక పెరిగినయ్, కాయ ఏది? కాసిన కాడికి గూడ పొట్టి పొట్టి కాయలు, వంకర. అధికారులు అచ్చిండ్రు, చూసిండ్రు, "బిల్లు ఏది" అన్నరు. దుకాణపాయన "నేనియ్యలే" అన్నడు. అప్పు తీరేదానికి ఐదేండ్లు పట్టింది, నా డిగ్రీ ఒక సంవత్సరం ఆగింది. గందుకే నేను ఇప్పుడు ఉప్పల్ల కిరాయి ఇంట్ల నాలుగు బకెట్లల్ల ఏస్తున్నగని ప్యాకెట్ ముట్ట. మీకు చదువున్నది, మీరు కవరు చదువుతరు. మా నాయినకు ఏం చదవొస్తది?

రెండోపంట

తమ్ముడూ, నువ్వు చెప్పింది నకిలీ విత్తనం, హైబ్రిడ్ అనేదాని తప్పు కాదు అనొచ్చు, కానీ మీ నాయినకి ఆ తేడా ఏం ఊరట. నేను వాదించను.

మిద్దె తోట వాళ్ళకి మాత్రం చెప్తున్నా, బిల్లు తీసుకోండి, కవరు వెనక చూడండి. పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం, గడువు ఉండాలి. గడువు పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు. టమాటా, వంగకి మొలక కనీసం 70 శాతం, బెండకి 65 ఉండాలి. గులాబీ రంగో నీలం రంగో పూసి ఉంటే అది మందు, చేతులు కడుక్కోండి, మిగిలిన గింజ పిల్లలకి అందకుండా పెట్టండి.

ఇంకోటి, మీరంతా నాటు ఒక గట్టు, హైబ్రిడ్ ఒక గట్టు అన్నట్టు కొట్లాడుతున్నారు. మధ్యలో సూటి రకాలున్నాయి, వాటి సంగతి ఎవరూ ఎత్తరు. బెండలో అర్క అనామిక, టమాటాలో పూసా రూబీ, అర్క వికాస్, వంగలో మన రాజేంద్రనగర్ భాగ్యమతి. ప్రభుత్వ పరిశోధన కేంద్రాలు ఇచ్చినవి, హైబ్రిడ్ కాదు, గింజ దాచుకుంటే అదే రకం వస్తుంది. అనామిక అయితే బెండలో పల్లాకు తెగులు తట్టుకోడానికే తెచ్చారు. మిద్దె మీద చుట్టూ తెల్లదోమ పెట్టుకుని ముత్తాతల బెండ వేసి ఆకులన్నీ పసుపు ఈనెలైపోయాక ఏడ్చేకంటే ఇది మేలు.

డల్లాస్_దొడ్డి

ఇక్కడ మార్చి మధ్య దాకా మంచు భయం, అందుకే జనవరి చివర్లో గ్యారేజీలో లైట్ల కింద టమాటా, వంగ గింజలు పెడతాం. జూన్ వచ్చాక ఎండకి టమాటా పిందె పడదు. ఆ మధ్య రెండు నెలల్లో కాయాలంటే తొందరగా కాసే హైబ్రిడ్ తప్ప గతి లేదు నాకు. గోంగూర మాత్రం నాటే. సూట్‌కేసులో గింజలు తెచ్చుకోకండి ఎవరూ, సర్టిఫికెట్ లేకపోతే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, ఒకసారి తీసుకున్నారు.

మిద్దెమీద_మల్లి

రెండోపంట గారూ, ఆలస్యంగా జవాబిస్తున్నా, ఇంట్లో హడావుడి. మీరడిగింది: మొత్తం నాలుగు కాయలు. మొదటిది వండింది. మిగతా మూడూ మీ పోస్టు చదివాక కోసి ముక్క నాలుకకి తగిలించి చూశా. మూడూ చేదే, మామూలు చేదు కాదు, నాలుక చివర మొద్దుబారిపోయింది, మూడుసార్లు పుక్కిలించినా పోలేదు. పీచు చూస్తే లేతగానే ఉంది, గోరు దిగుతోంది. నీళ్ళు రోజూ రెండు పూటలా పోశా. నవంబర్, డిసెంబర్‌లో హైదరాబాద్‌లో వేడి ఎక్కడిది? పొద్దున స్వెట్టర్ వేసుకుని నీళ్ళు పోసేదాన్ని.

రెండోపంట

అయితే గింజే. ఎండ దెబ్బకి చేదెక్కితే ఒకట్రెండు కాయలు అటూ ఇటూ ఉండొచ్చు. మొదటి కాయ నుంచి తీగంతా చేదు, అదీ చలికాలంలో, అంటే తల్లి తీగ పువ్వు మీద ఎక్కడో చేదు సొర పుప్పొడి పడింది. చేదు లక్షణం ఒకవైపు నుంచి వచ్చినా చాలు, కాయ చేదవుతుంది. తీగ మొత్తం పీకేయండి, గింజ దాచొద్దు. ఆ గింజ ఎవరిచ్చారో వాళ్ళకి కబురు పెట్టండి, ఇంకెంతమందికి వెళ్ళిందో.

గోదారిగట్టు

అంత ఖాయంగా ఎలా చెప్తారండీ? కొన్ని తీగలు అలా వస్తాయి. పోయినేడు నా పెరట్లో కూడా ఒక పాదు చేదొచ్చింది, పక్క పాదు అమృతంలా ఉంది. ఎండకి అనుకుని ఆ పాదు పీకి పారేశాను, అంతే. ఇంత రాద్ధాంతం చేయలేదు.

మిద్దెమీద_మల్లి

మాష్టారూ.

నేను పేరు చెప్పకూడదు అనుకున్నా. మొదటి పోస్టులో కావాలనే రాయలేదు, పెద్దవారు, ఉచితంగా పంపారు అని. ఆ సొర గింజ మీరు పంపిన కవరులోదే. పోయిన సంక్రాంతి తర్వాత వచ్చింది, ఎనిమిది గింజలు, "మా ఇంటి పొడుగు సొర, తరాల నాటిది" అని మీ చేతి రాత. ఇంకా ఉంది నా దగ్గర.

పోయినేడు ఒక పాదు చేదొచ్చిందని మీకు తెలుసా? తెలిసే పంచారా?

వైజాగ్_వంటిల్లు

అమ్మో

అనంతపురం_అల్లుడు

కాకర కాదన్నమాట.

రెండోపంట

మాష్టారూ, ఇందాకటి దాకా వాదన సరదాగా ఉంది. ఇప్పుడు లేదు. ఒక పాదు చేదు, పక్క పాదు తీపి, మధ్యలో తేనెటీగలు, ఆ పక్క పాదు గింజే మీరు పంచారు. అందులో ఏది చేదో ఏది కాదో చెప్పే దారి లేదు. మీరు రోజూ తిట్టే ప్యాకెట్ మీద తేదీ ఉంటుంది, శాతం ఉంటుంది, ఊరూ పేరూ ఉంటుంది, మోసం జరిగితే పట్టుకోవడానికి ఒక కాగితం ఉంటుంది. మీ కవరు మీద ఏముంది? "తరాల నాటిది" అని ఉంది. పాలమూరు తమ్ముడి నాయినకి బిల్లు ఇవ్వని దుకాణానికీ దీనికీ తేడా ఏంటి?

గోదారిగట్టు

దుకాణంతో పోలుస్తారా నన్ను? ఆయన డబ్బు పుచ్చుకున్నాడు, నేను నా పెన్షన్ డబ్బులతో స్టాంపులు కొన్నాను. ఈ రెండేళ్ళలో నూట నలభై కవర్లు పంపాను, లెక్క రాసుకున్నాను, ఏ ఊరు, ఏ గింజ, ఎన్ని. ప్రతి కవరులో చిన్న చీటీ పెట్టాను, "పండించి, ఒక కాయ ముదరనిచ్చి, పది గింజలు నాకు తిరిగి పంపండి, ఎలా వచ్చిందో రాయండి" అని. ఎంతమంది పంపారో తెలుసా? ఆరుగురు. నూట నలభైకి ఆరుగురు! మిగతావాళ్ళు మొలిచిందని కూడా ఒక మాట చెప్పలేదు. బావుంటే తిన్నారు, బావోకపోతే ఇదిగో ఇలా నలుగురిలో నిలబెట్టి అడుగుతున్నారు. మీరు నవంబర్‌లో చేదొచ్చిన రోజే నాకు ఒక్క మెసేజ్ పెట్టుంటే నేను అప్పుడే మిగతా వాళ్ళకి చెప్పేవాణ్ణి కదమ్మా. రెండు నెలలు ఊరుకుని ఇక్కడ "నాటు వేయాలా" అని అడిగారు.

మీకు విత్తనం అక్కర్లేదు, ఎవరికీ అక్కర్లేదు. కూరగాయలు కావాలి, అంతే.

మిద్దెమీద_మల్లి

అవునండీ, కూరగాయలే కావాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏముంది.

మీకు మెసేజ్ పెట్టకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నా, కానీ నా సంగతి కూడా వినండి. మీకు ఐదు సెంట్లు. నాకు ఒక టబ్బులో ఒక సొర తీగ, ఒక తీగ సీజన్ మొత్తంలో నాకిచ్చేది ఎనిమిదో తొమ్మిదో కాయలు, అందులో మంచి కాయ చూసి విత్తనానికి వదిలేయాలి, అది తొక్క చెక్కలా అయ్యేదాకా రెండు నెలలు తీగ మీదే ఉండాలి, అది ఉన్నంతకాలం కొత్త పిందెలు సరిగ్గా నిలబడవు, పసుపుబారి రాలిపోతాయి, అంటే పది గింజలు మీకు పంపడం కోసం నేను సగం కాపు వదులుకోవాలి, ఆ టబ్బులో ఇంకో పంట పెట్టే అదను కూడా పోతుంది, ఇంట్లో నలుగురం, "ఆ ముసలికాయ ఇంకా ఎందుకు కొయ్యవు" అని మా ఆయన రోజూ అడుగుతారు. పోనీ అంతా చేసి గింజ తీశా అనుకోండి, మా చుట్టుపక్కల మిద్దెల మీద నాలుగు తోటలున్నాయి, ఎవరేం వేశారో నాకు తెలీదు, ఎవరి తేనెటీగలు ఎక్కడ తిరిగొచ్చాయో తెలీదు. అలాంటి గింజని "తరాల నాటిది" అని మీకు పంపితే, మీరు దాన్ని ఇంకో పది మందికి పంపితే?

గింజ దాచేవాళ్ళు ఉండాలి, నేను కాదనను. కానీ పద్దెనిమిది గ్రోబ్యాగుల వాళ్ళందరూ దాచాలనడం, దాచనివాళ్ళని కంపెనీ బానిసలనడం, అది నాకు మొదటి నుంచీ గుచ్చుకుంటోంది. ఇదే అడుగుదామనుకున్నా అసలు.

పాలమూరు_పోరడు

అక్కా నువ్వు అన్నది సమజైంది. గని పెద్దాయనను దుకాణపోనితోని పోల్చుడు తప్పు అన్నా, రెండోపంటన్నా. దుకాణపోడు "నేనియ్యలే" అన్నడు. ఈయన "నా పాదు చేదొచ్చింది" అని ఆయన నోటితోనే చెప్పిండు, ఎవ్వలు అడగకముందే. మా నాయినకు గీ ఒక్కమాట ఎవలన్న చెప్పి ఉంటే సగం బాధ తగ్గేది.

రెండోపంట

పోలిక ఎక్కువైంది. వెనక్కి తీసుకుంటున్నా. కవరు మీద వివరం ఉండాలన్న మాట మాత్రం తీసుకోను. చట్టం కూడా రైతు గింజ దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అనే చెప్తోంది, మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం, 2001ది, బ్రాండు పేరు పెట్టి అమ్మడమే కుదరదు. హక్కు ఉంది కాబట్టే బాధ్యత మన మీద ఎక్కువ.

అడ్మిన్

అందరూ కాస్త ఊపిరి తీసుకోండి. ఇకపై ఇక్కడ గింజలు పంచేవాళ్ళు కవరు మీద కోసిన నెల, పదికి ఎన్ని మొలిచాయి, పువ్వు కట్టారా (తేనెటీగలు వేరే పుప్పొడి తేకుండా మొగ్గని మూసి ఉంచారా) లేదా అన్నది రాయాలి. తడిగుడ్డలో పది గింజలు చుట్టి వారం చూడటం ఎవరికీ కష్టం కాదు. సొర, బీర, దోస గింజలకి పువ్వు కట్టకపోతే "కట్టలేదు" అని రాయండి చాలు, తీసుకునేవాళ్ళు తేల్చుకుంటారు. చేదు సొర గురించి రెండోపంట గారి మొదటి పోస్టు పైన పిన్ చేశా. గోదారిగట్టు గారూ, సొర కవర్లు ఎవరెవరికి వెళ్ళాయో ఊళ్ళ పేర్లు నాకు పంపండి, నేను వాళ్ళకి మెసేజ్ పెడతా.

గోదారిగట్టు

పంపాను. ఇరవై మూడు కవర్లు. పదకొండు మందికి నేనే ఫోన్ చేశాను, ఇద్దరు అసలు వేయలేదట, డబ్బాలో ఉందట.

కొత్తమొలక_09

నమస్తే, ఈరోజే చేరాను. సొర పక్కనే కాకర పెట్టేశా, పీకేయాలా?

వైజాగ్_వంటిల్లు

పీకొద్దు తల్లీ, పైన చదువు.

*(తొమ్మిది రోజుల తర్వాత)*

గోదారిగట్టు

రెండోపంట గారికి. వాదనకి రాలేదు, పని మీద వచ్చాను. పాదులన్నీ తీసేసి మా చెల్లెలి ఇంటి నుంచి తెచ్చిన మొక్క ఒకటి ఉంచాను, దాని కాయ నేనే కొరికి చూశాను, తీపి. నిన్న సాయంత్రం ఆరింటికి ఆడ మొగ్గ ఒకటి, మగ మొగ్గ రెండు దారంతో కట్టాను. ఇవాళ పొద్దున చూస్తే ఆడ మొగ్గకి దారం కోసుకుపోయి రెక్కలు చిరిగి ఉన్నాయి, లోపల చీమలు. దారం మరీ బిగించానా? బీరకి కూడా సాయంత్రమే కట్టాలా?

రెండోపంట

దారం వద్దండీ, తల్లో పెట్టుకునే చిన్న క్లిప్పు సరిపోతుంది, రెక్కల చివర మాత్రమే పట్టేలా. ఆరింటికి ఆలస్యం, అప్పటికే సొర విచ్చుకోవడం మొదలెడుతుంది, నాలుగింటికల్లా పెట్టేయండి. మగవాటికీ పెట్టాలి, లేకపోతే వాటి మీద ముందే ఎవరో వాలి ఉంటారు. చీకటి పడే వేళ మగ పువ్వు తెంచి రెక్కలు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రుద్ది, మళ్ళీ క్లిప్పు పెట్టేయండి. తొడిమకి రంగు ఉన్ని దారం కట్టండి గుర్తుకి, అది వదులుగా. బీర కూడా సాయంత్రమే పూస్తుంది. నేతిబీర మాత్రం పొద్దున్నే, దానికి ముందురోజు సాయంత్రం క్లిప్పు పెట్టి పొద్దున రుద్దాలి.

ఒక పువ్వు నిలబడకపోవచ్చు, నాలుగైదు చేయండి.

గోదారిగట్టు

ఒక్కో ఆడ పువ్వుకి మగవి రెండూ కలిపి లెక్కేస్తే పన్నెండు నుంచి పదిహేను క్లిప్పులు కావాలి. ఇంట్లో మూడు దొరికాయి. మనవరాలు ఇవ్వనంటోంది.